గాడి కోసే మిషన్ దగ్గర ‘జర పైలం’ అంటే సరిపోదు

పత్తి ధర గురించి రాయమని శాన మంది అడుగుతున్నరు. అది ఇంకో పోస్టులో రాస్త. ఈ పోస్టు మన ఊర్ల వడ్ల షెడ్డు గురించి, అందులో బల్ల మధ్యలో గిర్రున తిరిగే రంపం బ్లేడు గురించి. పొలం పనులు తగ్గినంక ఇండ్ల పని మొదలైతది. దర్వాజలు, కిటికీలు, తలుపులు అందరికీ ఒక్కసారే కావాలె. తొందర కూడా అప్పుడే ఎక్కువ.

నా మాట మొదలే చెప్పేస్త. బల్ల రంపం మీద అన్ని పనులూ ప్రమాదమే గని, మనిషిని మోసం చేసే పని మాత్రం గాడి కోసుడు. ఆ పనికి ‘జర పైలం’ అనే మాట రక్షణ కాదు. బ్లేడుకూ చేతికీ మధ్యలో దూరం పెట్టే వస్తువు ఉండాలె. ఆ వస్తువులకు పెద్ద ఖర్చు లేదు, చెక్క ముక్కలతో ఒక పూటలో తయారైతయి. ఆ పూట టైం ఇయ్యాల్సింది ఎవరు? పని ఇచ్చి నెత్తి మీద నిలబడి తొందర పెట్టే మనమే.

గాడి ఎందుకు మోసం చేస్తదో చూడండి. చెక్కను రెండుగా చీల్చేటప్పుడు బ్లేడు చెక్క పైకి వచ్చి కండ్ల ముందు తిరుగుతది. దాన్ని చూస్తే చెయ్యి దానంతట అదే వెనక్కి పోతది. గాడి కోసేటప్పుడు అట్ల కాదు. దర్వాజ కట్టెలో తలుపు కూర్చునే పట్టు గాని, తలుపు చట్రంలో పలక దిగే గాడి గాని, అర ఇంచు లోతు ఉంటే బ్లేడు అర ఇంచే బల్ల పైకి ఉంటది. దాని మీద చెక్క కప్పుకుంటది. పై నుంచి చూస్తే బ్లేడే కనబడదు. కనబడని దాని మీద చెయ్యి పెట్టి చెక్కను అదిమి ముందుకు తోస్తం. చెక్క అయిపోయే చోట అదే చెయ్యి బ్లేడు మీదికి దిగుతది. చెక్క మధ్యలో బుడిపె తగిలి ఎగిరినా అంతే. అప్పటిదాకా చెక్క కింద దాగిన పండ్లు ఒక్కసారి తేలుతయి.

రెండో సంగతి. మంచి మిషన్లకు బ్లేడు పైన మూత ఉంటది, బ్లేడు వెనక సన్న రేకు ఉంటది. కోసిన చెక్క ముడుచుకొని బ్లేడును పట్టకుండా ఆ రేకు అడ్డం నిలబడతది. గాడి కోసేటప్పుడు చెక్క రెండు ముక్కలు కాదు కాబట్టి ఆ మూత అడ్డం వస్తది, తియ్యక తప్పదు. రేకు బ్లేడు కొన కన్న కిందికి ఉండే రకమైతే తియ్యాల్సిన పని లేదు, ఉండనియ్యాలె. పైకి ఉండే రకమైతే అది కూడా తియ్యాల్సిందే. అంటే కంపెనీ ఇచ్చిన రక్షణ పోయే పని ఇది. పోయిన దాని జాగాలో మనం ఇంకొకటి పెట్టాలె. పెట్టకపోతే ఉత్త చేతితో ఆట ఆడుతున్నట్టే.

ఇంక మన షెడ్లలో ఉండేవి అన్నీ కంపెనీ మిషన్లు కూడా కావు. చిన్న కటింగ్ మిషన్‌ను తలకిందులు చేసి ప్లైవుడ్ బల్లకు బిగిస్తరు. స్విచ్ నొక్కి పట్టుకోనీకె చెయ్యి అందదు కాబట్టి దాన్ని వైరుతో గట్టిగ కట్టేస్తరు. ప్లగ్గు పెడితే తిరుగుతది, పీకితే ఆగుతది. ఇంకొందరు పాత మోటారుకు బెల్టు వేసి, యాంగిల్ ముక్కలతో బల్ల చేసి, దానికి పంపు మోటారు స్టార్టరు పెడతరు. తెలివికి మెచ్చుకోవాలె. కాని ఆపదలో ఆపాలంటే స్విచ్ ఎక్కడున్నది? గోడ దగ్గర. చెయ్యి ఎక్కడున్నది? బ్లేడు దగ్గర.

స్టార్టరు మాట వచ్చింది కాబట్టి, రైతులకు తెలిసిన ముచ్చట ఒకటి. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు ఊరూరా చెప్పింది. అప్పుడు నీళ్ల కోసం చెప్పిండ్రు. రంపానికైతే అది ప్రాణం మీది సంగతి. కరెంటు పోతది, మిషన్ ఆగుతది, మేస్త్రీ వంగి బ్లేడు పక్కన పొట్టు తుడుస్తుంటడు, కరెంటు వస్తది. ఆటో స్టార్టరు గాని, వైరుతో కట్టిన స్విచ్ గాని ఉంటే మిషన్ దానంతట అదే తిరుగుతది. మామూలు స్టార్టరులో ఉండే నో-వోల్ట్ కాయిల్ ఇట్ల కానియ్యదు, కరెంటు వచ్చినా మనం పచ్చ బటన్ నొక్కితేనే లేస్తది. రంపానికి అట్లాంటిదే ఉండాలె. ఎర్ర బటన్ మోకాలికి తగిలేంత దగ్గర ఉండాలె, చేతులు రెండూ చెక్క మీద ఉన్నా మోకాలితో ఆపొచ్చు.

‘పైలంగ ఉంటే ఏం కాదు, మా తాతల కాలం నుంచి చేస్తున్నం’ అనే మాట వడ్ల మేస్త్రీల దగ్గర ఇంటం. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేస్తలేను. తాతల కాలంలో గాడిని ఉలితోని, గాడి తీసే రందాతోని తీసిండ్రు. ఆ రెండింటికీ మోటారు లేదు. చెయ్యి ఆగితే పనిముట్టు ఆగేది. ఇప్పుడు చెయ్యి ఆగినా బ్లేడు ఆగదు. అనుభవం ఎంత ఉన్నా, రోజుకు నూరు సార్లు చేసిన పనిలో ఒక్కసారి మనసు ఫోను మీదికి పోతే చాలు.

‘పైలం’ ఎందుకు సరిపోదో మనకు నూర్పిడి మిషన్ చెప్పింది. హరిత విప్లవం కాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో కరెంటు నూర్పిడి మిషన్లు ఊరూరా వచ్చినంక రైతుల చేతులు, కూలీల చేతులు శాన పోయినయి. పన లోపలికి పెట్టే తొట్టి పొట్టిగ ఉండె, చెయ్యి డ్రమ్ము దాకా పోయేది. దానికి మందు ‘జాగ్రత్త’ అని బోర్డు రాసుడు కాదు. తొట్టి పొడుగు చేసి పైన మూత పెట్టాల్నని పెట్టిండ్రు, చెయ్యి పోవాలన్నా అందకుండా. 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చిండ్రు, అందులో పేరు పెట్టి చెప్పిన మిషన్ ఇదే. గడ్డి కోసే మిషన్‌కు కూడా ఇదే నీతి. మనిషి తప్పు చేస్తడని ముందే ఒప్పుకొని, తప్పు చేసినా చెయ్యి అందకుండా చేసుడే అసలు రక్షణ.

మరి ఊరి షెడ్డులో ఈ పని ఎవరు చూస్తరు? 1948 ఫ్యాక్టరీల చట్టంలో మిషన్లకు అడ్డు పెట్టాల్నని ఉండె గని, కరెంటుతో నడిచే చోట పది మంది గాని, అంతకన్న ఎక్కువ గాని పని చేస్తేనే అది ఫ్యాక్టరీ అన్నది. 2020లో చేసిన కొత్త కోడ్ ఆ లెక్కను 20కి పెంచింది. మన ఊరి షెడ్డులో ఉండేది తండ్రి, కొడుకు, ఇంకో పోరగాడు. ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ షెడ్డులోకి అడుగు పెట్టే బయటి మనిషి ఎవరంటే పని ఇచ్చే రైతే.

ఇంక వేలు పోతే ఏమైతదో లెక్క చూద్దాం. రైతు బీమా 2018 ఆగస్టు 15 నుంచి ఉన్నది, 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటోళ్లకు 5 లక్షలు. అది ప్రాణానికి, వేలికి కాదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్ష బీమా ఉన్నది కదా, అందులో ప్రమాదంతో ఒక చెయ్యి పూర్తిగ పనికి రాకుండా పోతే లక్ష, రెండు చేతులు పోతే 2 లక్షలు. రెండు వేళ్లు పోతే ఏమీ లేదు. కూలీకి పనిలో దెబ్బ తగిలితే యజమాని కట్టాల్సిన పరిహారానికి 1923లో చట్టం చేసిండ్రు. అందులో బొటనవేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడు వేలు పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం అని లెక్క కట్టిండ్రు. కాని సొంత షెడ్డులో సొంతంగ కోసుకునేటోనికి యజమాని ఎవరు? ఆ లెక్క కూడా వానికి అందదు.

మన దగ్గర వేలి విలువ ఆ శాతాల కన్న ఎక్కువ. నడిగడ్డలో సీడ్ పత్తి చేసేటోళ్లను అడగండి. సాయంత్రం మొగ్గ ఒలిచి, కేసరాలు గీకి, తెల్లారి మగపువ్వు రాసే పని అంతా వేళ్ల కొసల మీదనే. వనపర్తి దిక్కు పల్లికాయ తెంపాలన్నా, నాగర్‌కర్నూల్ దిక్కు బర్రె పాలు పిండాలన్నా బొటనవేలు లేకుండా ఎట్ల? రేషన్ షాపులో వేలిముద్రకూ వేలే కావాలె. వడ్ల మేస్త్రీకైతే ఉలి పట్టుడే పోతది. అందుకే నేను దీన్ని వడ్లోళ్ల సంగతి అనుకుంటలేను. మన పొలం దగ్గర కూడ శాన మంది కటింగ్ మిషన్ కొని, ఎండకాలం సొంతంగ తలుపులు, గొర్ల దొడ్డి గేట్లు చేసుకుంటున్నరు. ఈ పోస్టు వాళ్లకూ రాస్తున్న.

ఇప్పుడు పని ఎట్ల చెయ్యాలెనో చెప్త. ఇది నా ఒక్కని కొత్త ముచ్చట కాదు, మంచి మేస్త్రీలు ఎక్కడైనా చేసేదే.

మొదలు చెక్క. మన గట్ల మీది వేప, తుమ్మ కోసి ఆరకముందే మిషన్ మీదికి తెస్తరు. పచ్చి చెక్క, వంకర చెక్క బల్ల మీద ఊగుతది. ఊగిన చెక్క గాడిలో బ్లేడును బిగపడతది, బిగపట్టిన బ్లేడు చెక్కను మన మీదికి విసురుతది. అడుగు భాగం, గైడుకు ఆనే పక్క రెండూ రందా పట్టి సాపు చేసినంకనే గాడి. గట్టు మీది చెట్టైతే ఇంకోటి చూడాలె. కంచె తీగ కట్టిన చెట్టు ఆ తీగను, మొలను లోపలికి మింగుతది. పైకి కనబడదు. బ్లేడు పన్ను దానికి తగిలి విరిగితే కంటికి వస్తది. నల్ల మచ్చ ఉన్న చోట అనుమానపడాలె. అయస్కాంతం తిప్పితే పైపైన ఉన్న ఇనుము దొరుకుతది. కండ్లకు అద్దాలు పెట్టుడు మాత్రం మానొద్దు.

రెండు, గైడ్ పట్టీ. చెక్క ఆని నడిచే పట్టీ బ్లేడుకు సమానంగ ఉండాలె. బ్లేడు ముందు పన్ను దగ్గర, వెనక పన్ను దగ్గర టేపుతో కొలవండి. రెండూ ఒకటే రావాలె. వెనక దిక్కు ఇరుకైతే చెక్క నలిగి ఎగురుతది. గైడ్ లేకుండా గీత చూసుకుంట చేతితో తోసుడు మాత్రం ఎన్నటికీ వద్దు.

మూడు, బ్లేడు ఎత్తు. గాడి లోతు ఎంతో బ్లేడు అంతే లేవాలె. పలక మందంలో మూడో వంతు కన్న లోతు గాడి మామూలుగ అవసరం పడదు, చెక్క బలం కూడా పోతది. గట్టి చెక్కలో లోతు గాడి ఒక్కసారే తియ్యొద్దు, రెండు మూడు సార్లు బ్లేడు లేపుకుంట తియ్యాలె. మామూలు బ్లేడు కోత సుమారు 3 ఎంఎం వెడల్పు ఉంటది. అర ఇంచు వెడల్పు గాడి కావాలంటే మొదలు రెండు అంచులు కోసి, తర్వాత గైడ్ జరుపుకుంట మధ్యది తీసి, అడుగున మిగిలిన గీతలు ఉలితో సాపు చెయ్యాలె. గైడ్ జరిపే ప్రతిసారి మిషన్ బంద్, బ్లేడు పూర్తిగ నిలబడ్డంకనే చెయ్యి పెట్టాలె.

నాలుగు, అన్నిటికన్న ముఖ్యం, తోపుడు కట్టె. రెండు కావాలె. ఒకటి చెప్పు ఆకారంలో, అడుగు పొడుగు పలకకు పైన పిడి, వెనక చెక్క అంచును పట్టే చిన్న మడమ. చెక్కను కిందికి అదిమేది, ముందుకు తోసేది అదే. ఇంకొకటి పక్క నుంచి గైడుకు ఆనించి పట్టే కట్టె. తెగిపోయేదేదైనా ఉంటే ఆ కట్టె తెగుతది, ఇంకొకటి చేసుకోవచ్చు. బల్ల మీద బ్లేడుకు అటు ఇటు మూడు ఇంచులు, ముందు వెనక బల్ల పొడుగంతా ఎర్ర రంగు పూయండి. మిషన్ తిరుగుతున్నంత సేపు ఆ ఎర్ర పట్టీ మీదికి చెయ్యి రావద్దు, చెక్క పైన ఉన్నా సరే రావద్దు. బ్లేడు కనబడకున్నా ఎర్ర రంగు కనబడతది. ఈ పోస్టులో ఒక్కటే గుర్తు పెట్టుకునేది ఉంటే ఇదే.

ఐదు, దువ్వెన పలక. ఒక పలక కొసకు వాలుగ, దువ్వెన పండ్ల లెక్క చీలికలు కోసి, దాన్ని బల్లకు క్లాంపుతో బిగిస్తే ఆ పండ్లు చెక్కను గైడుకు అదిమి పట్టుకుంటయి. ముందుకు పోనిస్తయి, వెనక్కి రానియ్యవు. ఇంకొకటి గైడుకు బిగిస్తే పై నుంచి కిందికి అదుముతది. బ్లేడుకు కొంచెం ముందర బిగించాలె. మనిషి చేతి పని ఆ పలక చేస్తది, ఆ పలకకు ఫోను రాదు, నిద్ర రాదు.

ఆరు, చెయ్యొద్దనేవి. తిరిగే బ్లేడు మీదికి పై నుంచి చెక్కను దించి మధ్యలో గాడి మొదలు పెట్టొద్దు, అట్లాంటి గాడి ఉలి పని. పొట్టి ముక్కకు అడ్డం గాడి గైడ్ ఒక్కదానికే ఆనించి తియ్యొద్దు, ముక్క తిరిగి ఎగురుతది. దానికి అడ్డ గైడ్ గాని, బల్ల మీద జారే చట్రం గాని కావాలె. సగం పోయిన చెక్కను వెనక్కి గుంజొద్దు. చెక్కకు సూటిగ వెనక నిలబడొద్దు, కొంచెం పక్కకు నిలబడాలె. భుజం మీద టువ్వాల, వదులు చొక్కా చేతులు, చేతికి గ్లౌజులు పనికిరావు. గ్లౌజు రక్షణ అనుకుంటరు గని, తిరిగే బ్లేడు దాన్ని పట్టి చేతిని కూడా గుంజుకుంటది. కల్లు తాగిన పూట మిషన్ దగ్గరికే పోవద్దు.

ఇంకో అలవాటు గురించి గట్టిగ చెప్పాలె. వెడల్పు గాడి ఒక్కసారే రావాల్నని రెండు మూడు బ్లేడ్ల మధ్య వాషర్లు పెట్టి ఒకే ఇరుసుకు బిగిస్తరు. ఇరుసు పొడుగు సరిపోక నట్టు సగం మరలకే పడతది. అమెరికాలో గాడి కోసం తయారు చేసిన జోడు బ్లేడ్లు అమ్ముతరు, వాటికి సరిపోయే పొడుగు ఇరుసు ఉన్న మిషన్లు వేరే ఉన్నయి. యూరప్‌లో చిన్న మిషన్లకు మామూలుగ ఇరుసే పొట్టిగ ఇస్తరు, అట్లాంటి బ్లేడ్లు పట్టకుండా. వాళ్ల దగ్గరే ఇంత కట్టుబాటు ఉంటే, మన బెల్టు మిషన్ మీద ఈ ప్రయోగం ఎందుకు?

‘మంచి మిషన్ కొంటే ఈ బాధలు లేవు కదా’ అనేటోళ్లు కూడ ఉన్నరు. అమెరికాలో ఒళ్లు తగలంగనే రెప్పపాటు కన్న తక్కువ సమయంలో బ్లేడును ఆపేసే మిషన్ వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. ఖరీదు ఎక్కువ, పచ్చి చెక్క తగిలినా ఒళ్లు అనుకొని ఆగే గుణం ఉన్నది. అంత డబ్బున్న దేశంలోనే బల్ల రంపాలతో ఏటా సుమారు 30 వేల మంది దెబ్బలు తగిలి డాక్టరు దగ్గరికి పోతరని వాళ్ల సర్కారు సంస్థ లెక్క కట్టింది. కాబట్టి మిషన్ పెద్దదైతే చాలదు, తోపుడు కట్టె అక్కడా కావాలె, ఇక్కడా కావాలె.

ఇంకో దారి కూడా ఉన్నది, నాకు ఇష్టమైనది అదే. గాడి పని బల్ల రంపం మీది నుంచే తీసేయొచ్చు. చేతితో పట్టే రూటర్ గాని, చిన్న ట్రిమ్మర్ గాని తెచ్చి, చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, గైడ్ పట్టీ వేసుకొని గాడి తియ్యొచ్చు. అక్కడ చెక్క కదలదు, మిషన్ కదులుతది, రెండు చేతులూ పిడి మీద ఉంటయి. అది కూడా కోసేదే, దానికీ జాగ్రత్తలున్నయి, కాని బ్లేడు మీద చెయ్యి అదిమే పని తప్పుతది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 చేతి వృత్తుల్లో వడ్ల పని కూడా ఉన్నది. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల దాకా ఇస్తమన్నరు. మన మూడు జిల్లాల్లో ఆ శిక్షణలో ఒక పూట మొత్తం గాడి కోసే పద్ధతి మీద, తోపుడు కట్టె చేసుకునుడు మీద పెట్టాల్నని మనం అడగాలె. సర్టిఫికెట్ చేతికిచ్చే ముందు ఆ చెయ్యి మిగిలే ఉపాయం చెప్పాలె కదా.

ఇంత చేసినా దెబ్బ తగిలితే ఏం చెయ్యాలెనో షెడ్డు గోడకు రాసి పెట్టండి. మిషన్ బంద్ చెయ్యాలె. శుభ్రమైన బట్టతో గట్టిగ అదిమి చెయ్యి పైకి లేపి పట్టాలె. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. వేలు తెగి పడితే దాన్ని తడి చేసిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టాలె. వేలు నేరుగ ఐసుకు తగలొద్దు, నీళ్లలో ముంచొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. వేలు అతికే డాక్టరు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకొని నంబర్ రాసి పెట్టుకోండి. గద్వాల నుంచి కర్నూలు సుమారు 60 కిలోమీటర్లు, హైదరాబాద్ అంతకు మూడింతలు. అప్పుడు వెతుకుడు మొదలు పెడితే పొద్దు పోతది.

ఆఖరుకు మన వంతు. గృహప్రవేశం ఎల్లుండి, దర్వాజ రేపు కావాలె అని మేస్త్రీ మీద కూర్చునేది మనమే. ఆ తొందరలో గైడ్ కొలవడు, బ్లేడు ఆగేదాకా నిలబడడు, తోపుడు కట్టె మూలకు పడతది. పని ఇచ్చేటప్పుడు వారం ముందు ఇయ్యండి. చెక్క ఆరనీకె టైం ఇయ్యండి. ‘గాడి ఎట్ల కోస్తవ్ మేస్త్రీ, తోపుడు కట్టె ఏది?’ అని ఒక్క మాట అడగండి. లేకుంటే బయానా ఇచ్చే ముందు రెండు కట్టెలు అక్కడనే చేయించండి, ఆ పూట కూలీ మీరే ఇయ్యండి. దర్వాజకు పెట్టే పసుపు కుంకుమ ఖర్చు కన్న పెద్ద ఖర్చు కాదు.

ఈ పోస్టును మీ ఊరి వడ్ల మేస్త్రీకి, ముఖ్యంగ షెడ్డులో కొత్తగ పని నేర్చుకుంటున్న పోరగాళ్లకు చదివి వినిపించండి. వాళ్లకు ‘పైలం’ అని చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు. ఆ పోరగాడు మిషన్ ముందు నిలబడకముందే చేతికి తోపుడు కట్టె ఇచ్చేటోళ్లు కావాలె.